ఆరంగుళాల కేకు

మా ఇంట్లో పిండివంట చేయడం అంటే డబ్బా నిండడం. డబ్బా నిండకపోతే అది పిండివంట కాదు, రుచి చూడ్డానికి చేసిన ముక్క. మా అమ్మ అలాగే చేసేది. మా అత్తగారూ అలాగే చేసేవారు. పెళ్ళయిన ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో నేనూ అలాగే చేశాను. సున్నుండలు చుడితే వందకి తక్కువ కాకుండా, జంతికలు వండితే రెండు డబ్బాలకి తక్కువ కాకుండా. "చెయ్యి పెద్దది" అని చుట్టాలంతా అంటుంటే లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

అలాంటి నేను మొన్న ఆదివారం ఒక కేకు చేశాను. అడ్డంగా కొలిస్తే ఆరంగుళాలు. అరచేతిలో పెట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళిపోవచ్చు. కోస్తే నాలుగు ముక్కలు. ఈ నాలుగు ముక్కల కేకు దగ్గరికి రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ కథే చెప్తాను.

మాది రాజమండ్రి. ఒకప్పుడు ఈ ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు. చదువుకోవడానికి వచ్చి ఉన్న మేనల్లుళ్ళనీ, చెప్పకుండా వచ్చే చుట్టాలనీ కలిపితే ఎప్పుడూ ఎనిమిదికి తగ్గేది కాదు లెక్క. తర్వాత పెద్దవాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. అమ్మాయి పెళ్ళి చేసుకుని పుణె వెళ్ళింది. అబ్బాయి ఎమ్మెస్ అని డల్లాస్ వెళ్ళాడు, అక్కడే ఉద్యోగం. ఇప్పుడు మిగిలింది మేమిద్దరం.

అన్నం దగ్గర చెయ్యి తొందరగానే దారికొచ్చింది. పెద్ద కుక్కరు పోయి చిన్న కుక్కరు వచ్చింది, గ్లాసు బియ్యంతో సరిపోతోంది. స్వీట్ల దగ్గరే రాలేదు. ఎందుకంటే అన్నం మాకోసం వండుతాను గానీ, స్వీట్లు ఎప్పుడూ పిల్లల కోసమే చేశాను. అబ్బాయి పుట్టినరోజుకి మైసూరుపాకు పళ్ళెం నిండా కోసి వీడియో కాల్లో చూపించేదాన్ని. "సూపర్ అమ్మా" అనేవాడు. ఫోను పెట్టేశాక ఆ పళ్ళెమూ నేనూ మిగిలేవాళ్ళం.

పంచిపెట్టొచ్చు కదా అంటారేమో. పంచాను. పక్కింటి మాస్టారు దంపతులిద్దరికీ షుగరు. పైవాటాలో అద్దెకున్న కుర్రాడు జిమ్ముకెళ్తాడు, పంచదార ముట్టడు. పనమ్మాయికి ఇస్తే, "మా ఆయనక్కూడా షుగరేనమ్మా" అంది. ఊళ్ళో తీపి తినే మనిషి కనబడటం లేదండీ ఈ రోజుల్లో!

ఈ ఏడు సంక్రాంతికి కూడా అరిసెలు, సున్నుండలు ఎప్పటిలాగే చేశాను. పిల్లలిద్దరూ రాలేదు. మార్చి నెలాఖర్లో మా వారికి కాళ్ళు తిమ్మిర్లుగా ఉంటున్నాయంటే రక్తపరీక్ష చేయించాం. హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. 6.5 దాటితే షుగరున్నట్టే అట. డాక్టరమ్మగారు చీటీ చూసి, "ఇది ఇవాళ్టి సంగతి కాదండీ, సుమారు మూడు నెలల సగటు చెప్తుంది. స్వీట్లు బాగా తింటారా?" అని అడిగారు. ఈయన, "ఎప్పుడైనా పండక్కి..." అని నసిగారు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. జనవరి, ఫిబ్రవరి, మార్చి. సున్నుండల డబ్బా ఖాళీ అయిపోయిన రోజులే అవి.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "నేను పడుకున్నాక దొంగచాటుగా తిన్నారన్నమాట! అరవై దాటాక ఈ చిన్నపిల్లాడి చేష్టలేవిటి?" అని ఆ పూటంతా సాధించాను. ఆయన ఒక్క మాట అనలేదు. రాత్రి లైటు తీసేశాక చీకట్లో చెప్పారు.

"నాకు సున్నుండలంటే మరీ అంత ఇష్టం కూడా కాదోయ్. నువ్వు రోజూ డబ్బా మూత తీసి చూస్తావు. ఇంకా ఇన్ని మిగిలిపోయాయా అన్నట్టు నీ మొహం ఒకలా అయిపోతుంది. పోయినేడు అరిసెలు బూజు పడితే పారబోస్తూ ఏడ్చావు, నేను చూళ్ళేదనుకున్నావు. అందుకని రోజూ రెండేసి తినేవాణ్ణి."

నాకు నిద్ర పట్టలేదు. ఆయన తిన్నది తీపి కాదు, నా దిగులు. రోజుకి రెండేసి. ఇంటినిండా మనుషులున్నారని నేను ఆ డబ్బాలో పెట్టుకుంటే, అది అబద్ధమని నాకు తెలియకుండా ఆయన ఖాళీ చేస్తూ వచ్చారు.

ఆ మర్నాటి నుంచి నేను స్వీట్లు చేయడం మొత్తం మానేశాను. ఉగాదికి పచ్చడి, శ్రీరామనవమికి పానకం గ్లాసెడు, అంతే. స్టీలు డబ్బాలు కడిగి తుడిచి అటక మీద పెట్టించాను. మానేయడం తేలికే. కానీ వంటింట్లో ఏదో ఎవరో పోయినట్టుండేది.

మే నెలలో అమ్మాయి వచ్చింది. వెళ్ళే ముందు రోజు ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. అమెరికా వాళ్ళు రాసిన ఇంగ్లీషు వంటల పుస్తకం, నిండా రంగు బొమ్మలు. "అమ్మా, ఇందులో కేకులూ కుకీలూ అన్నీ ఇద్దరికి సరిపడా కొలతలతోనే ఉంటాయి. మీరిద్దరే కదా" అంది.

అది మంచి మనసుతోనే ఇచ్చింది, నాకు తెలుసు. అయినా ఆ "మీరిద్దరే కదా" ముల్లులా గుచ్చుకుంది. బావుందమ్మా అని, అది రైలెక్కగానే పుస్తకాన్ని ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కింద పడేశాను.

దాన్ని మళ్ళీ కిందికి దింపింది వరలక్ష్మీదేవే. శ్రావణ శుక్రవారం పేరంటాలకి వెళ్ళొస్తే ఏం వస్తుందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. శనగలు, తమలపాకులు, జాకెట్టు ముక్కలు, అరటిపళ్ళు. ఇంటికి రెండేసి చొప్పున ఏడిళ్ళ వాయనాలు. అన్నీ చక్కెరకేళీలే, పక్కనే రావులపాలెం ఉండగా మాకు వాటికేం లోటు! మూడో రోజుకి తొక్కలు మచ్చలు పడి నల్లబడ్డం మొదలైంది. పారేయడానికి చేతులు రావు, తినడానికి మనుషులు లేరు. పుస్తకంలో అరటిపండు కేకు ఉన్నట్టు గుర్తు. ఆదివారం మా వారి పుట్టినరోజు కూడాను. జూలైలో చేయించిన పరీక్షలో 7.2కి దిగింది. డాక్టరమ్మగారు, "ఎప్పుడైనా ఒకసారి చిన్న ముక్క తింటే తినండి. ఆ పూట అన్నం తగ్గించుకోండి, నడక మానకండి" అని చెప్పి ఉన్నారు. ఇంకేం, బిల్లుల కింద నుంచి పుస్తకం లాగాను.

చదవడం మొదలుపెడితే అన్నీ చిక్కులే. వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్లు, మనం కాఫీ తాగే కప్పు కాదు. ఓవెన్ వేడి 350 డిగ్రీలని ఉంటే గుండె ఆగినంత పనయింది. అది ఫారెన్‌హీట్, మన ఓటీజీలో 175 అని మా వారు లెక్క కట్టి చెప్పారు. ఒక అరటిపండు అని రాసుంది. వాళ్ళ పండెంత, మన చక్కెరకేళీ ఎంత? వంటింటి త్రాసు మీద తొక్క తీసి పెడితే మన పళ్ళు రెండు కలిస్తే వాళ్ళది ఒకటి, 120 గ్రాములు. కొన్ని వంటకాలకి గుడ్డులో సగమే కావాలట. గుడ్డు గిలక్కొట్టి తూకం వేసి సగం తీసుకోమన్నారు. ఇంత పిసినారితనం ఉంటుందా లోకంలో అనుకున్నాను.

శనివారం రిహార్సల్‌గా ఒకటి చేద్దామని కూచున్నాను. బేసిన్‌లో ముప్పావు కప్పు మైదా పోస్తే అడుగున అంటుకున్నట్టుంది తప్ప పిండి ఉన్నట్టే లేదు. ఈ మాత్రం దానికి ఓవెన్ వెలిగించాలా, కరెంటు దండగ అనిపించింది. పళ్ళు కూడా చాలా ఉన్నాయి కదా! చెయ్యి దానంతటదే ఇంకో ముప్పావు కప్పు పోసింది. పంచదార రెట్టింపు, వెన్న రెట్టింపు, గుడ్లు రెండు. అంతా కలిపి, అమ్మాయి పుస్తకంతో పాటు కొనిచ్చిన ఆరంగుళాల టిన్నులోనే పోశాను. దాదాపు అంచుదాకా వచ్చింది. సగం పైన మరి కాస్త వరకే నింపాలని పుస్తకంలో ఉంది. ఉంటే ఏం?

పావుగంటకి వంటిల్లంతా పొగ. కేకు పొంగి, అంచు దాటి, కింద కడ్డీ మీద కారి మాడుతోంది. తీసి చూస్తే చుట్టూ నల్లగా, మధ్యలో పచ్చి పిండి. మా వారు పరుగెత్తుకొచ్చి కిటికీలు తెరిచి, కాసేపు దాన్నే చూసి, "ఆరుగురి కేకుని ఇద్దరి గిన్నెలో పెడితే ఎక్కడుంటుందోయ్, బయటికొచ్చేసింది పాపం" అన్నారు.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయనా ఆ మాట ఉత్త కేకు గురించి అన్లేదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్న ఆయనే త్రాసు ముందు కూచున్నారు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పద్దులు చూసిన మనిషి కదా, "మైదా 90, పంచదార 50, వెన్న 50" అని ఒక్కో అంకె చదువుతుంటే అది కేకో క్యాష్ బుక్కో తెలియలేదు. మధ్యలో ఒక లెక్క కూడా చెప్పారు. ఎనిమిదంగుళాల గిన్నెతో పోలిస్తే ఆరంగుళాల గిన్నె ముప్పావు వంతు అనుకుంటాం మనం. కాదట. గుండ్రటి గిన్నెలో పట్టేది అడ్డం కొలతని దానితోనే హెచ్చవేసి చూడాలిట. అరవై నాలుగులో ముప్పై ఆరు, అంటే సగానికి కాస్త ఎక్కువ, అంతే. "చూడ్డానికి రెండంగుళాలే తగ్గింది, లోపల చూస్తే సగం ఖాళీ" అన్నారు. నేనేం మాట్లాడలేదు. మా ఇల్లూ అంతే కదా, బయట నుంచి చూస్తే అదే గేటు, అదే నందివర్ధనం చెట్టు.

సోడా కొలిచేటప్పుడు చెంచా వెతుకుతుంటే సొరుగులో మా అత్తగారి ఇత్తడి గిద్ద దొరికింది. పక్కనే సోల. చేతిలోకి తీసుకుంటే ఎప్పుడూ ఆలోచించని సంగతి ఒకటి తట్టింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కింద నుంచి పైకి లెక్కపెడితే రెట్టింపులు. పై నుంచి కిందికి వస్తే అన్నీ సగాలే. కుంచాలతో కొలిచే ఇంట్లోనే గిద్ద కూడా ఉండేది. పురిటి మనిషికి పత్యం వండాలంటే, జ్వరం వచ్చిన పిల్లాడికి జావ కాయాలంటే అత్తగారు గిద్దే తీసేవారు. తక్కువ వండడం అంటే పిసినారితనం అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. ఎవరికి ఎంత కావాలో అంత. ఆ రెండో సగం నేను నేర్చుకోలేదు, కుంచం ఒక్కటే పట్టుకున్నాను.

సరే, కొలతలు అడుగుతారని నాకు తెలుసు, రాసేస్తున్నాను. మైదా 90 గ్రాములు, బేకింగ్ పౌడర్ అర టీస్పూను, వంట సోడా పావు టీస్పూను కలిపి జల్లించాలి. పుస్తకంలో పంచదార 65 గ్రాములుంది, పండు తీపి చాలని నేను 50 వేశాను. 50 గ్రాముల వెన్న మెత్తబడ్డాక పంచదారతో బాగా గిలక్కొట్టి, ఒక గుడ్డు, మెదిపిన రెండు చక్కెరకేళీలు, టేబుల్ స్పూను పెరుగు కలపాలి. మన వెన్నలో ఉప్పుంటుంది, మళ్ళీ వేయక్కర్లేదు. మైదా వేశాక పిండి కనబడకుండా పోయేదాకా కలిపి ఆపేయాలి, ఎక్కువ కలిపితే కేకు గట్టిపడుతుంది. సోడా దగ్గర మాత్రం "ఇంకో చిటికెడు" అనే బుద్ధి వద్దు. కాస్త పిండికి ఆ చిటికెడే చాలా ఎక్కువ, సబ్బు వాసనొస్తుంది. ముందే వేడెక్కిన ఓవెన్లో 175 దగ్గర అరగంట. ఇంకో సంగతి, పిండి సగమైతే టైమూ సగం అనుకోకండి. పెద్ద కేకుకి నలభై నిమిషాలైతే దీనికి ఇరవై కాదు, సుమారు ముప్పై. వేడి అయితే అసలు తగ్గదు, అదే 175.

ఇది షుగరున్నవాళ్ళకి మంచి కేకని నేను అనడం లేదు. మైదా మైదానే, పంచదార పంచదారే. బెల్లం వేస్తే ఏం కాదు కదా అని నేనూ ఒకప్పుడు డాక్టరమ్మగారిని అడిగాను, ఆవిడ నవ్వి, "బెల్లం కూడా షుగరు పెంచుతుందమ్మా" అన్నారు. ఇందులో ఉన్న మంచల్లా ఒక్కటే, ఇది అయిపోతుంది.

మధ్యాహ్నం నాలుగు ముక్కలు కోశాను. ఆయనకొకటి, నాకొకటి. మెల్లగా, ఫోర్కుతో, మాట్లాడుకుంటూ తిన్నాం. చీకట్లో నిలబడి గబగబా మింగే తీపి కాదది. "బావుందోయ్. ఇది నిజంగా నాకోసం చేసినట్టుంది" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని పుట్టినరోజులకి ఎన్ని చేశానో, ఈ మాట ఎప్పుడూ వినలేదు. వినకపోవడం కూడా సబబే, వాటిల్లో సగం పిల్లలకిష్టమైనవే.

సాయంత్రం అబ్బాయి ఫోన్ చేశాడు. మిగిలిన రెండు ముక్కలూ చూపించాను. "అంతేనా? మిగతాది ఏదీ?" అన్నాడు.

"అంతే నాన్నా, మొత్తం నాలుగు ముక్కలే చేశాను."

కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. తర్వాత, "నాకూ ఒక్కడికి వండుకోవడం రాదమ్మా. నువ్వు నేర్పిన పప్పు కుక్కరు నిండా అవుతుంది. మూడ్రోజులు అదే తింటాను. బుధవారానికి విసుగొచ్చి పారేస్తాను" అన్నాడు.

నాలుగేళ్ళుగా వాడికి కందిపొడులూ ఆవకాయలూ కిలోల్లో పంపిస్తున్నాను. వాడికి కావలసింది గిద్ద అని ఒక్కసారీ తట్టలేదు నాకు. "కాగితం తెచ్చుకో" అన్నాను. ఒక మనిషికి పప్పు, వాళ్ళ కప్పుల్లోనే, పావు కప్పు కందిపప్పు, ముప్పావు కప్పు నీళ్ళు, ఒక్క పచ్చిమిర్చి, అర టమాటా, ఆ పప్పుకెంత ఉప్పు పడుతుందో, పోపుకెంత నూనో, అన్నీ చెప్పాను. మా వారు పక్క నుంచి గ్రాములు అందించారు. వాడు రాసుకుంటూ, "ఇదైతే ఒక్కపూటకే అయిపోతుంది కదమ్మా" అన్నాడు. అవును నాన్నా, అయిపోవాలనే.

మర్నాడు ఒక ముక్క పనమ్మాయి కూతురికి ఇచ్చాను, ఒకటి నేను తిన్నాను. చిన్న డబ్బా కడిగి స్టాండులో బోర్లించాను. ఆ పక్క నుంచి వెళ్తూ ఆయన దాన్నొకసారి చూశారు, నన్నొకసారి చూశారు. ఖాళీ డబ్బా చూసి నాకేం కాలేదు. నిజంగా ఏం కాలేదు.

దసరాకి అమ్మాయి, అల్లుడు, పిల్లాడు వస్తామన్నారు. పెద్ద డబ్బాలు అటక మీదే ఉన్నాయి లెండి. ఆ నాలుగు రోజులకి దింపించి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఎక్కించేస్తాను. గిద్ద మాత్రం సొరుగులో పెట్టలేదు. స్టవ్ పక్కనే, పోపుల పెట్టె మీద పెట్టాను.